గంగక్క నడవమంది

వాన పట్టుకున్న రోజు మా బళ్లో పిల్లలు దెయ్యం కథ అడుగుతారు. చెప్పి, చివర ఓ నీతి అతికిస్తాను. ఈ కథ మాత్రం వాళ్లకి చెప్పలేదు. దీనికి నీతి దొరకలేదు.

డెబ్భై ఎనిమిదిలో నా భార్య తాయారుకి విశాఖపట్నంలో, ఓ చిన్న నర్సింగ్ హోములో గర్భసంచి తీశారు. ముందురోజు డాక్టరమ్మ అడిగింది.

"మీ ఇంట్లో ఎవరైనా కాలు వాచి, రక్తం గడ్డకట్టి, హఠాత్తుగా పోయారా? వంశంలో దిగే జబ్బు అది. ఉంటే ముందే మందు మొదలెట్టాలి."

"మా వంశంలోనా? గునపాల్లాటి మనుసులమమ్మా!" అంది మల్కాపురం నుంచి వచ్చిన మా అత్తగారు సూర్యకాంతమ్మ. నర్సు కూడా నవ్వింది.

తాయారు అక్క గంగాలమ్మ పచ్చకామెర్లతో పోయిందని మా పెళ్లికి ముందే నాకు చెప్పారు. అప్పటికి చిన్నపిల్లయిన తాయారుకీ అదే చెప్పారు.

ఆపరేషన్ బాగానే అయింది. మంచం దిగి మెల్లగా నడవాలనీ, పడుకునే ఉంటే కాళ్లలో రక్తం నిలిచిపోతుందనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. డెట్టాలు వాసనలో హార్బరు చేపల వాసన కలిసింది. దూరంగా ఓడ కూసింది. తాయారు నా చెయ్యి పట్టుకుంది.

"ఏటండీ... అక్కొచ్చింది."

"ఏ అక్క?"

"గంగక్క. నా పిక్క పిసుకుతంది. లెగు... నడు... అంటంది."

మంచం చివర ఎవరూ లేరు. కానీ ఆమె పిక్క మీద దుప్పటి నొక్కుకుపోతోంది... లేస్తోంది... మళ్లీ నొక్కుకుపోతోంది...

అత్తగారి మొహం పాలిపోయింది. "బాబూ, సింహాచలం ఎల్లి అప్పన్న గంధం తెండి. దిష్టి పోద్ది," అని నన్ను పంపేసింది.

తిరిగొచ్చేసరికి దీపాల వేళ. తాయారు ఎగశ్వాస తీస్తోంది. దుప్పటి తీశాను. ఎడమ కాలు మంచం కోడుకి నల్లతాడుతో కట్టేసి ఉంది. అరటిబోదెలా వాచి, కాలిపోతోంది.

"నడుత్తానంటే... అమ్మ ఒగ్గనేదండీ..."

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. అప్పటికే ఊపిరి లేదు.

"సచ్చినోళ్లు పిలిత్తే కట్టెయ్యాల బాబూ," అంది అత్తగారు. "నేల తొక్కితే ఆళ్ల ఎనకాలే పోద్ది." నర్సు అడిగితే మాత్రం, నడిపించానని ఆవిడే చెప్పిందట.

"గంగాలమ్మ ఎలా పోయింది?"

ఆవిడ తల దించుకుంది. "కడుపు కోసినాక... ఇలాగే. కాలు వాసి."

"డాక్టరమ్మ అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"మా సిన్నమ్మాయి సిట్టెమ్మకి సంబంధం కుదిరింది కదా. రగతంలో జబ్బుందంటే దాన్నెవుడు సేసుకుంటాడు?" నా చెయ్యి పట్టుకుంది. "తాయారుకీ కామెర్లేనని సెప్పండి బాబూ."

చెయ్యి విడిపించుకుని బయటికొచ్చాను. వరండాలో బల్ల మీద మా చిన్న మరదలు చిట్టెమ్మ కూర్చుని ఉంది. అక్క పోయిందని ఆ పిల్లకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఉన్నట్టుండి లేచింది. నడిచింది. ఆ గోడ దాకా... మళ్లీ ఈ గోడ దాకా... చెరోవైపు ఎవరో పట్టుకున్నట్టు రెండు మోచేతులూ ఎడంగా లేచి ఉన్నాయి. రెండు జబ్బల మీదా చర్మం వేళ్ల వెడల్పున గుంటలు పడింది.

"ఆగవే!" తల్లి అరిచింది.

ఆగలేదు. నన్ను దాటుతూ, ఏడుస్తూ, గొంతు తగ్గించి అంది.

"బావా... కూకోనివ్వడం నేదు."