వజ్రమ్మ ఎత్తిన మొదటి బోనం

కామాఠీపుర పదకొండో గల్లీలో నీళ్లు ఉదయం ఐదున్నరకు వచ్చి ఏడింటికి ఆగిపోతాయి. రత్నాబాయి నాలుగో బిందెతో మెట్లెక్కుతుంటే, రాత్రి డ్యూటీ ముగించుకుని అత్త వజ్రమ్మ వచ్చింది. రోజూ కాళ్లీడ్చుకుంటూ వచ్చే మనిషి ఆ వేళ వానలో తడుస్తూ కూడా చకచకా నడిచి వచ్చింది. కోడలి చేతిలోని బిందె అందుకుని, "ఈ ఏడు మొదటి బోనం మనదేనే" అంది.

ఆ మాటకు రత్నాబాయి మెట్టు మీదే ఆగిపోయింది. ఆషాఢమాసంలో గల్లీ పోచమ్మకు మొదటి బోనం ఎత్తడమంటే మాటలు కాదు. తాతల కాలంలో పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరి మేడలకు రాళ్లు మోసినవాళ్లు పెట్టిన ఆనవాయితీ అది. గల్లీకి మేలు చేసినవాళ్లు ఎవరో పెద్దలు కూర్చుని తేల్చి, ఆ ఇంటి ముత్తైదువకు మొదటి కుండ ఇస్తారు. ఇన్నేళ్లలో ఒక్క విధవరాలికీ ఆ కుండ దక్కలేదు.

వజ్రమ్మ భర్త మల్లయ్య పోయి తొమ్మిదేళ్లయింది. నాటు సారా అతన్ని నలభై ఒకటో ఏట తీసుకుపోయింది. ఆ తరువాత వజ్రమ్మ ప్రభుత్వాసుపత్రిలో మనసు చెదిరినవాళ్ల వార్డులో ఆయాగా చేరింది. అక్కడ చూసినది, విన్నది గల్లీకి పట్టుకొచ్చింది. పక్క చాల్‌లో, అంటే కూలీల గదుల మేడలో, కిష్టమ్మ కూతురు గోడలతో మాట్లాడుతుంటే, దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టబోయిన వాళ్ల చేతులు పట్టుకుని ఆపింది. ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లి, మాత్రలు మానకుండా రెండేళ్లు వెంట తిరిగింది. ఇప్పుడా పిల్ల కుట్టుపని చేసుకుంటోంది. ప్రతి గురువారం సాయంత్రం వజ్రమ్మ తన గదిలోనే చాప పరచి, తాగుడు మానదలచినవాళ్లను కూర్చోబెడుతుంది. అందరూ దాన్ని బైఠక్ అంటారు. ఒక్కొక్కరూ పేరు చెప్పి, ఎన్ని రోజులుగా తాగలేదో చెబుతారు. ఆమె వింటుంది, టీ పోస్తుంది. మిల్లుల సమ్మె తరువాత ఆ చాప సరిపోక, వరండాలో కూడా కూర్చోవలసి వచ్చింది.

ఆ చాప మీద కూర్చునేవాళ్లలో ఆమె కొడుకు పెంటయ్య కూడా ఒకడు. సమ్మెలో మిల్లు పని పోయింది. మూడేళ్లు తాగాడు. ఇప్పుడు తొమ్మిది నెలలుగా ముట్టలేదు. నాగ్‌పాడాలో ఒక వెల్డింగు షాపులో పని చేస్తున్నాడు.

ఫాక్‌లాండ్ రోడ్డు మలుపులో టీ కొట్టు దగ్గర బాలనర్సయ్య ముకద్దం వజ్రమ్మను ఆపి ఈ కబురు చెప్పాడట. ఒకప్పుడు కూలీల గుంపులను నడిపిన మనిషి, ఇప్పుడు గల్లీకి పెద్ద దిక్కు. పెద్దల్లో ఇద్దరు ఒప్పుకోలేదట. చివరికి ఒక షరతు మీద సరేనన్నారట. బోనం ఎత్తే ఆడదానికి భర్త లేడు కనుక, ఆమె కొడుకు ముందు నడవాలి. గుడి దాకా సీసాతో నేల మీద ధార వదులుతూ అమ్మవారికి సాక పోయాలి. గుడి ముందు సీసాలో మిగిలినది మొదట తన దోసిట్లో పట్టి తీర్థంగా తీసుకోవాలి.

"నువ్వేమన్నవ్ అత్తమ్మా?" అని అడిగింది రత్నాబాయి.

"ఏమంట? రెండు చేతులెత్తి దండం పెట్టిన."

సాకకు కల్లు పోయడం ఊళ్లో పద్ధతి. బొంబాయిలో కల్లు దొరకదు కనుక సారా పోస్తారు. ఆ సంగతి తెలియని వాళ్లు గల్లీలో లేరు. వజ్రమ్మకూ తెలుసు. కానీ ఆ సంతోషంలో ఆ సారానూ కొడుకు మానిన తాగుడునూ ఆమె ఒకచోట పెట్టి చూసుకోలేదు.

లోపల చపాతీ తింటున్న పెంటయ్యకు తల్లి అంతా మళ్లీ చెప్పింది. అతను తలెత్తకుండా విన్నాడు. మంచిదే అన్నాడు. ఇంకా సగం చపాతీ మిగిలి ఉండగానే చెయ్యి కడుక్కుని పనికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం వజ్రమ్మ నిద్ర లేచేసరికి కోడలు బీడీల చేట ముందు కూర్చుని ఉంది. ఆకు కత్తిరించి ఉంది గాని ఒక్క బీడీ చుట్టలేదు. వజ్రమ్మ బోనానికి కావలసిన కొత్త కుండ గురించి, వేపాకు గురించి, కట్టుకోబోయే పసుపు చీర గురించి మాట్లాడుతూ పోయింది. కాసేపటికి, తను ఒక్కతే మాట్లాడుతున్నానని ఆమెకు అర్థమైంది.

"నీకు ఇష్టం లేదానే?" అంది.

"బోనం ఇష్టమే అత్తమ్మా. ఆయన దోసిట్ల సారా పోసుడే ఇష్టం లేదు."

"అది సారా గాదు. తీర్థం. అమ్మ పేరు మీద ఒక్క గుక్క."

"గురువారం గురువారం మీరే చెప్తరు, ఒక్క గుక్క అనేది లేనే లేదని. ఆ మాట నిజమా, ఈ మాట నిజమా?"

వజ్రమ్మకు ముఖం మీద కొట్టినట్లయింది. అమ్మవారి ప్రసాదానికీ నాటు సారాకూ తేడా తెలియదా అని కోప్పడింది. నలుగురిలో అత్తకు పేరొస్తుంటే కోడలికి గిట్టడం లేదని కూడా అంది. ఆ మాట నోరు దాటాక వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేకపోయింది.

రత్నాబాయి గొంతు పెంచలేదు. "మీరు రాత్రి డ్యూటీకి పోతరు. ఆయన తాగుడు బంద్ జేసి మూడు దినాలు వణికినప్పుడు పక్కన నేనున్న. గోడకు తల కొట్టుకుంటుంటే నా చెయ్యి అడ్డం పెట్టిన. ఇంకోసారి నా వల్ల గాదు అత్తమ్మా" అని చేట పక్కన పెట్టి, వరండాలోకి వెళ్లి నిలబడింది.

సాయంత్రం పెంటయ్య వచ్చేసరికి ఇద్దరూ చెరొక మూల ఉన్నారు. అతను తువ్వాలుతో తల తుడుచుకుని, గడప మీద కూర్చున్నాడు. తల్లివైపు తిరిగాడు.

"అవ్వా, నేను సాక పోస్త. నీకు ఈ ఇజ్జత్ నా వల్ల పోవద్దు. గని ఒక్క పని చెయ్. గుడి కాడి నుంచి నన్ను నేరుగ ఇంటికి తోల్కచ్చి, బయట తాళం వెయ్యి. నేనెంత మొత్తుకున్నా తియ్యకు."

అతను అలిగి అన్న మాట కాదు అది. పని చెప్పినట్లు నిదానంగా చెప్పాడు. వజ్రమ్మ డ్యూటీ బట్టలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చింది.

ఆసుపత్రికి వెళ్లే దారిలో పోచమ్మ గుడి ముందు ఆగింది. గుడి అంటే నాలుగడుగుల గూడు, పసుపు రాసిన రాయి. రోజూ దండం పెట్టుకుని వెళ్లే ఆమెకు ఆ రోజు చేతులు జోడించాలంటే భయమేసింది. తల్లి అయినది బిడ్డ చేతిలో విషం పోయమంటుందా? అలా అనుకోవడమే పాపమేమో. అమ్మవారు నిజంగా అడిగింది ఏమిటో, మనుషులు ఆమె పేరు చెప్పి కలుపుకున్నది ఏమిటో ఎవరిని అడిగితే తెలుస్తుంది? వాన పెరిగింది. ఆమె గొడుగు తెరవడం మరచి అలాగే నిలబడింది.

మరుసటి రోజు గురువారం. సాయంత్రం బైఠక్‌కు పద్నాలుగు మంది వచ్చారు. సైదులు నూట నలభై రోజులన్నాడు. బుచ్చన్న వంతు వచ్చింది.

"రెండున్నర దినాలు" అన్నాడు.

"సగం దినం లెక్క ఎక్కడిదిరా?" అన్నాడు సైదులు.

"పొద్దుగాల నుంచి తాగలే అన్నా. ఇంకా రాత్రి ఉన్నది గద. అందుకే పూర్తిగ చెప్తలే."

అందరూ నవ్వారు. పెంటయ్య కూడా నవ్వాడు. అప్పుడే ముకద్దం పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. బోనానికి పిలవడం పద్ధతి ప్రకారం అలాగే జరగాలి. అందరూ జరిగి చోటిచ్చారు. వజ్రమ్మ లేచి ఎదురు వెళ్లింది గాని, పళ్లానికి చేతులు చాపలేదు.

"నాకు మొదటి బోనం వద్దు మామా" అంది.

ముకద్దం ముఖం ఎర్రబడింది. నీ కోసం నేను ఇద్దరితో తగాదా పడ్డాను, ఇప్పుడు వద్దంటే నా పరువేం కావాలి అన్నాడు. ఒప్పుకున్న బోనం వెనక్కి తీసుకుంటే అమ్మ ఊరుకోదన్నాడు. తీర్థం దగ్గర జంకుతున్నట్లయితే, పిల్లవాడు పెదవులకు తాకించి వదిలేస్తే చాలన్నాడు.

వజ్రమ్మ వెనక్కి వచ్చి చాప మీద కూర్చుంది. ఎప్పుడూ టీ గిన్నె దగ్గర కూర్చునే మనిషి, ఆ రోజు తాగుబోతుల వరసలో, కొడుకు పక్కన కూర్చుంది.

"ఈ చాప మీద అందరితోని చెప్పించిన. నేను ఎప్పుడూ చెప్పలే. ఇయ్యాల చెప్త" అంది. "మల్లయ్య సచ్చిపోయే ముందటి ఏడాది, నాలుగు నెలలు మానేసిండు. ఎవ్వరికీ యాది లేదు, నాకున్నది. ఆ నాలుగు నెలలు ఈ ఇంట్ల పండుగ. ఆషాఢం వచ్చింది. గుడి ముందు సాక తీర్థం పోస్తుంటే ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నడు. నేనే ఆ చేతులు గుంజి ముందుకు పట్టిన. అమ్మ తీర్థం కాదనకు, మనకు మంచిది గాదని నేనే అన్న. ఆయన తాగిండు. ఆ దినం నుంచి మళ్ల ఆగలే."

వరండాలో ఉన్న రత్నాబాయి తలుపు రెక్క పట్టుకుని నిలబడింది.

"సారా సంపింది అంటరు అందరు. ఆ చేతులు పట్టింది నేను. తొమ్మిదేండ్ల సంది మీకు టీ పోస్తున్నది అందుకే. నన్ను పెద్దమనిషిని చేసి బోనం ఇస్తమన్నరు. ఆ సంతోషంల నా కొడుకు చేతులు గూడ పట్టి మీకిచ్చిన. నా కోడలు చెప్తే దాన్ని తిట్టిన." ఆమె కొడుకు వైపు తిరిగింది. "పోచమ్మకు కోపమొస్తే నన్ను తీసుకపొమ్మను. వీన్ని నేనియ్య."

ముకద్దం పళ్లెంలోకి చూశాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఆయన వేళ్ల సందుల్లో సున్నం కాల్చిన మచ్చలు ఇంకా ఉన్నాయి.

"ఆ ఏడు సీసా పట్టింది నేనే గద వజ్రమ్మా" అన్నాడు.

ఆయన పళ్లెం పట్టుకుని, గోడ ఆసరాతో మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి వజ్రమ్మ డ్యూటీకి సెలవు పెట్టింది. కోడలితో ఏమని మొదలుపెట్టాలో తెలియక అన్నం ముందు కూర్చుంది. రత్నాబాయే ఆమె కంచంలో పప్పు వేసి, తినమంది. నిన్నటి మాట తప్పు అని వజ్రమ్మ అంటే, ఆ మాట తను అప్పుడే మరచిపోయానంది. మరచిపోలేదని ఇద్దరికీ తెలుసు.

శనివారం మధ్యాహ్నం ముకద్దం అదే పళ్లెంతో మళ్లీ వచ్చాడు. రెండు రోజులూ పెద్దల మధ్య వాదులాటే జరిగిందట. ఒకాయన కోపగించుకుని, వచ్చే ఏడు నుంచి తన ఇంటి బోనం వేరే గుడికి పోతుందని చెప్పి లేచిపోయాడట.

"అమ్మ సాక అమ్మదే. నేల మీద పోస్తం. పొయ్యకుండ ఉండ. సీసా నేనే పడ్త, పిలగానికియ్య. దోసిట్ల మాత్రం ఇగ సారా లేదు, ఎవ్వరికీ లేదు. వేపాకు, పసుపు కలిపిన నీళ్లు తీర్థం. ఆ చెంబు పట్టుకుని పెంటయ్య ముందు నడుస్తడు. ఈ మాట నాది. తప్పయితే అమ్మ నన్నే అడుగుతది" అన్నాడు. తరువాత, "నాకు బోనం ఎవరికి ఇయ్యాల్నో ఇప్పుడు తెలిసింది. అప్పుడు ఊకనే పేరు చెప్పిన. ఇప్పుడు తెలిసి ఇస్తున్న" అని పళ్లెం ముందుకు చాచాడు.

ఈసారి వజ్రమ్మ అందుకుంది.

ఆదివారం పొద్దున వాన కాసేపు తెరిపి ఇచ్చింది. డప్పులు మొదలయ్యాయి. పసుపు చీరలో వజ్రమ్మ గడప దాటితే, కొత్త కుండను ఆమె తల మీదికి ఎత్తింది రత్నాబాయే. ఒక విధవరాలు మొదటి బోనం ఎత్తడం చూడాలని నాగ్‌పాడా వైపు చాల్‌ల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. కొందరు ముఖం తిప్పుకున్నారు. కిష్టమ్మ కూతురు మాత్రం బిందెతో ఎదురొచ్చి వజ్రమ్మ పాదాల మీద నీళ్లు పోసి మొక్కింది. ముకద్దం నేల మీద సాక పోస్తూ నడిచాడు. ఆయన పక్కన పెంటయ్య ఇత్తడి చెంబుతో నడిచాడు. వెనుక బైఠక్ పద్నాలుగు మందీ ఒక గుంపుగా వచ్చారు. బుచ్చన్న ఐదు రోజులు పూర్తయ్యాయని దారంతా అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నాడు.

గుడి ముందు డప్పులు ఆగాయి. పెంటయ్య చెంబును ముకద్దానికి ఇచ్చి, రెండు చేతులూ దగ్గరకు చేర్చి దోసిలి పట్టాడు. వజ్రమ్మ ఆ చేతులనే చూసింది. అచ్చం తండ్రి చేతులే. ముకద్దం పచ్చటి నీళ్లు పోశాడు. పెంటయ్య కళ్లు మూసుకుని నోట్లో పోసుకున్నాడు. అతని ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ముడుచుకుపోయింది.

"శానా చేదున్నది అవ్వా" అన్నాడు.

"మింగు బిడ్డా" అంది వజ్రమ్మ.

మల్లయ్య పోయిన రోజు కూడా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కుండను పట్టుకున్న రెండు చేతులూ పైనే ఉన్నాయి, దించడానికి లేదు. చెంపల పసుపు మీదుగా నీళ్లు కారుతుంటే అలాగే నిలబడింది. రత్నాబాయి దగ్గరకు వచ్చి, తన కొంగుతో అత్త ముఖం తుడిచి, కుండకు తన చెయ్యి కూడా ఆనించింది.