మిషను దగ్గరే నిలబెట్టాలి

"ఇక్కడ ఓనరెవరు?"

గొడుగు నుంచి నీళ్ళు కారుతుండగానే దమయంతి జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులోకి దూసుకొచ్చింది. కుర్చీలోని ప్రేమ్‌కుమార్ గబుక్కున లేచాడు.

"నేనే మేడమ్. కూర్చోండి..."

"కూర్చోడానికి రాలేదు! మా అమ్మాయిల్ని పీలింగ్ షెడ్డులో ఎందుకు పడేశారు?"

పలాసలో యూనివర్సిటీ కొత్తగా తెరిచిన క్యాంపస్‌కి ఆవిడే హెడ్. చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు పనికొచ్చే చదువు కావాలని పోట్లాడి మరీ మిషన్ల కోర్సు పెట్టించింది. ఉద్దానం పల్లెల ఆడపిల్లలు కూడా చేరి, కటింగ్ మిషను విప్పి బిగించడం నేర్చుకున్నారు. వాళ్ళకి మిషన్ల దగ్గరే ఉద్యోగమిస్తానని ఫోనులో మాటిచ్చింది ప్రేమ్‌కుమారే. తీరా చేరిన రోజున పప్పు పొట్టు తీయమన్నారు.

"కొత్తోళ్ళెవరైనా అక్కడే మొదలెడతారండీ" అని నసిగాడు.

"అలాగా! వాళ్ళతో చదివిన అబ్బాయిల్ని నేరుగా బాయిలర్ దగ్గర పెట్టారే? వాళ్ళు కొత్తోళ్ళు కారా?"

అతను తల దించుకున్నాడు. "ఆడపిల్లలు మిషన్ల కాడ వద్దని మా నాన్న అన్నాడండి."

"మాటిచ్చింది మీ నాన్నా, నువ్వా?" కోపమొస్తే ఆవిడకి తను పుట్టిన జాలరి పల్లె డొంకూరు యాస తన్నుకొచ్చేస్తుంది. "మాట మీద నిలబడనోడివి ఓనరు కుర్సీలో ఏటి సేత్తన్నావు?" అని గుమ్మం బయట నిలబడ్డ తన విద్యార్థినుల వైపు తిరిగింది. "అప్పలమ్మా, అందరూ పదండి, ఎల్లిపోదాం!"

గొడుగు అప్పలమ్మ చేతికిచ్చి, తను తడుస్తూ పిల్లల వెనకే నడిచింది. ప్రేమ్‌కుమార్ గుమ్మంలోనే ఉండిపోయాడు. సిగ్గుతో చెవులు మండుతున్నా చూపు మాత్రం ఆవిడ మీంచి కదల్లేదు.

వారం తిరక్కుండానే క్యాంపస్‌కి వచ్చాడు. "సారీ మేడమ్."

"నాకెందుకు? పొట్టు తీసింది నేనా? వాళ్ళకి చెప్పండి. ఇక్కడ కాదు, మీ షెడ్డులో, అందరి ముందూ."

పిల్లల్ని మళ్ళీ పిలిపించి అలాగే చెప్పాడు. "ఆడగుంటల ముందు పరువు తీసినావు కదరా!" అని తండ్రి రామూర్తి మండిపడినా, అప్పలమ్మ కటింగ్ మిషను దగ్గరే నిలబడింది.

ఆ తర్వాత పిల్లల పని చూడ్డానికి దమయంతి ఫ్యాక్టరీకి వస్తుండేది. వచ్చినప్పుడల్లా ఏదో ఒక తగువు. గాలి ఆడటం లేదని ఒకసారి, గ్లవుజులు లేవని ఇంకోసారి. ఆవిడొచ్చి కేకలెయ్యని వారం ప్రేమ్‌కుమార్‌కి ఏమీ తోచేది కాదు.

ఓ సాయంత్రం గేటు దగ్గర, "మనం పెళ్ళి చేసుకుందామాండీ?" అనేశాడు.

ఆవిడ ముఖం జేవురించింది. "ఇందుకేనా సారీ చెప్పింది? మా పిల్లల ఉద్యోగాలు ఎరేసి నాకు వల పన్నుతున్నావా?"

"అయ్యో, కాదండీ! మీరు కాదన్నా, జన్మలో నా ముఖం చూడకపోయినా, వాళ్ళు మిషను కాడే ఉంటారు. అది వాళ్ళ పనితనం. ఇది నా గోల."

దమయంతి అతన్ని తేరిపార చూసింది. "వలలు వేసే ఇంట్లోనే పుట్టాను. నీకు వల పన్నడం రాదులే" అని నవ్వేసింది.

మర్నాడు పొద్దున్నే తనే రామూర్తి ఇంటికెళ్ళింది. పెద్దాయన కాఫీ ఇప్పించి మెల్లిగా అడిగాడు.

"పెళ్ళయ్యాక ఆ కాలేజీ మానేత్తావా అమ్మా?"

ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. "మావయ్యా అని పిలుద్దామని వచ్చాను. మానెయ్యమంటే రామూర్తిగారూ అనే పిలిచి ఎల్లిపోతాను."

గుమ్మం దగ్గర ప్రేమ్‌కుమార్ చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాడు.

"నువ్వెక్కడికిరా?"

"ఈవిడతోనే, నాన్నా."

రామూర్తి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నవ్వు ఆపుకోలేక మీసం దువ్వుకున్నాడు.

"కూకో అమ్మా. మావయ్యా అనే పిలు. కాఫీ తాగేసి బేగి ఎల్లు, నీ కాలేజీకి టైమైపోతంది."