ఏసన్న ఎంచుకున్న రెగ్యులేటరు

విశ్వాసమ్మ గడప దాటుతూనే ఏడ్చేసింది.

"అయ్యా, నా మొగుణ్ని సంపబోతాండారు. మీరు ఇప్పుడే రావల్ల!"

కర్నూలు రాజధాని అయ్యాక ఊళ్లో ఇల్లు దొరకడమే గగనమైంది. ప్రైవేటు డిటెక్టివ్ ఆంజనేయకు దొరికింది ఒకే గది. తెర ఇవతల ఆఫీసు, అవతల కాపురం. పెళ్లయి నెల తిరగని భార్య రామేశ్వరమ్మే అతని అసిస్టెంటు. భర్త కేసు వినేటప్పుడు కనుబొమ ఒకటి పైకి లేస్తుంది. అది చూస్తే చాలు, ఆమెకు లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. కొత్త కంచుగ్లాసులో విశ్వాసమ్మకు నీళ్లిచ్చి, తనూ చెవులు రిక్కించి కూర్చుంది.

బేతంచెర్ల దగ్గర నీళ్లు నిండిన పాత నాపరాళ్ల గని ఒకటుంది. చర్చికి తెస్తున్న కొత్త గంట, ఉరుకుందప్ప లారీ ఒరగడంతో ఆ గనిలో పడిపోయింది. పడిందని అతనంటాడు, దారిలో అమ్ముకున్నాడని ఊరంటుంది. వెతకడానికి గజఈతగాడు ఏసన్న, విశ్వాసమ్మ భర్త, ఒప్పుకున్నాడు. మద్రాసు హార్బరులో నీళ్లలోకి దిగే పనిచేసే ఆమె అన్న దావీదురాజు ఒక గాలి సిలిండరూ, రెండు రెగ్యులేటర్లూ తెచ్చాడు. సిలిండరులోని గాలిని మనిషి పీల్చినంత మేరకు నోటికి అందించేదే రెగ్యులేటరు. పాతదానికి మెడ వెనక నుంచి వచ్చే రెండు లావు గొట్టాలు. కొత్తదానికి ఒకటే సన్న గొట్టం, నోటి దగ్గర తళతళలాడే డబ్బీ. ఏసన్న కొత్తదాన్ని ఎంచుకున్నాడు. లోతుకు పోగానే గాలి ఆగిపోయి, చావు తప్పి పైకి తేలాడు.

"ఈపొద్దు మల్లా దిగుతాడంట! గంట అమ్ముకున్న ఉరుకుందప్ప నిజం బయటపడనిస్తాడా అయ్యా?"

రైల్లో రామేశ్వరమ్మ కుదురుగా కూర్చోలేకపోయింది. ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు ఒలిచి భర్త చేతిలో పెట్టడం, మళ్లీ కిటికీలోంచి తొంగిచూడడం. తాము వెళ్లేసరికే అతను దిగేస్తే?

గని ఒడ్డున ఏసన్న అప్పుడే సిలిండరు వీపుకు కట్టుకుంటున్నాడు. ఎండకు తెల్లరాళ్లు కళ్లు తెరవనివ్వడం లేదు.

"ఆగు!" అన్నాడు ఆంజనేయ. "పైన పీల్చినప్పుడు గాలి వచ్చిందా?"

"వచ్చినాది సార్, రొంత బిగువుగా. లోపలికి పోయేకొద్దీ ఎవరో గొంతు పట్టుకున్నట్లు ఆగిపాయ. నోటికాడ ఒకటే గుగ్గిలం వాసన."

"గాలి రాకపాయ, గాలి సోకె!" అన్నాడు ఉరుకుందప్ప, నవ్వు రాని మొహంతో. "గనిలో దయ్యముండాదంటాండారు."

"గంట అమ్మలేదా నువ్వు?" ఆంజనేయ అడిగాడు.

"అమ్మింటే ఈ ఎండలో ఈడెందుకు మాడతాంటానప్పా? అది పైకొస్తేనే నేను ఊర్లో తలెత్తుకునేది."

దావీదురాజు విసుగ్గా ఉన్నాడు. "రెండూ మంచివే సార్. పాతదైతే బుడగలు మెడ వెనక లేస్తాయి, కండ్లకు అడ్డం రావు. చెప్తే ఇన్న్యాడా మా బావ? కొత్త పెండ్లికొడుకు మాదిరి మెరిసేదే పట్టుకున్న్యాడు."

రామేశ్వరమ్మ సిగ్గుతో తల దించుకుంది.

"మొదటిసారి దిగే ముందు ఆ కొత్తది ఎక్కడుంది?" అన్నాడు ఆంజనేయ.

"వాళ్లింట్లోనే. నా చెల్లెలు దుప్పట్లో సుట్టి పెట్టింది."

ఆంజనేయ ఏసన్న ఇంటికి నడిచాడు, ఆడవాళ్లిద్దరూ వెంట వెళ్లారు. పెరట్లో ఎద్దులతో నీళ్లు తోడే కపిల తోలుబాన బోర్లించి ఉంది. దాని మీద అక్కడక్కడా నల్లటి అతుకులు.

"ఇవేమిటమ్మా?" రామేశ్వరమ్మ అడిగింది.

"చిల్లులమ్మా. గుగ్గిలం, ఆముదం కాచి పూస్తి. ఇంక సుక్క కారదు," అంది విశ్వాసమ్మ, ఆ గాభరాలోనూ కాస్త గర్వంగా.

ఆంజనేయ కనుబొమ పైకి లేచింది.

గని ఒడ్డుకు తిరిగొచ్చి అందరినీ కూర్చోబెట్టాడు. భార్య జడలోంచి పిన్ను తీసి, కొత్త రెగ్యులేటరు డబ్బీ మూత మీద గీకాడు. నల్లటి ముద్ద రాలి, కింద సన్న చిల్లి ఒకటి బయటపడింది. గుప్పున గుగ్గిలం వాసన.

"ఈ చిల్లులు నీళ్లు రావడానికే పెట్టారు. మూత కింద రబ్బరు పొర ఉంటుంది. నీళ్లు దాన్ని నొక్కితేనే లోతుకు తగ్గ గాలి వస్తుంది. చిల్లులు మూస్తే పైన కష్టంగానైనా వస్తుంది, లోతులో ఆగిపోతుంది. ఉరుకుందప్పకు గంట దొరకడమే కావాలి. చిల్లులు ఎందుకో దావీదురాజుకు తెలుసు, పొరపాటున మూయడు. చంపదలచినవాడు వాసనతోనే తనను పట్టించే గుగ్గిలం వాడడు."

"మరి ఎవరు సార్?" ఏసన్న లేచాడు.

"చిల్లి కనిపిస్తే మూయకుండా ఉండలేని మనిషి. నీళ్లు దూరి నీ ప్రాణం పోతుందని భయపడిన మనిషి."

విశ్వాసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేనా అయ్యా? బొక్కలుంటే నీళ్లు దూరవా అనుకొంటి... నా చేతులార్నే..."

ఏసన్న రెండు రెగ్యులేటర్లనూ ఆమె ముందు పెట్టాడు.

"ఏమే, ఈ తూరి నువ్వే ఏరుకో. నువ్విచ్చిందే నోట్లో పెట్టుకుంటా."

"వద్దు. యాదీ వద్దు. ఇంటికి పోదాం రా."

"ఉరుకుందప్పను ఊరంతా దొంగంటాండాది. నేను పోకుంటే వాని గతేమి?"

ఆమె చాలాసేపు ఊగిసలాడింది. చివరికి పిన్ను తీసుకుని కొత్తదాని చిల్లులు ఒక్కొక్కటే తెరిచింది. దావీదురాజు మూత విప్పి, లోపలి పొర తుడిచి, మళ్లీ బిగించి సిలిండరుకు తగిలించాడు. అతను ఏసన్నకు ఇవ్వబోతే ఆమె లాక్కుంది. నోట్లో పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసి, ముఖం నీళ్లలో ముంచింది. బుడగలు లేచాయి. తల ఎత్తినప్పుడు జుట్టంతా కారుతోంది.

"వస్తాండాది," అంది. "పో."

ఏసన్న గంటకు కట్టే తాడు కొస పట్టుకుని నీళ్లలోకి దిగాడు. రామేశ్వరమ్మ భర్త చిటికెనవేలు పట్టుకుంది. ఎందుకో వదలబుద్ధి కాలేదు.

కాసేపటికి తాడు రెండుసార్లు ఊగింది. లాగితే బరువు తగిలింది. "ఉండాది! గంట ఉండాదప్పో!" ఉరుకుందప్ప చిన్నపిల్లాడిలా ఏడుస్తూ లాగుతున్నాడు. అందరూ తాడు మీద పడ్డారు.

విశ్వాసమ్మ మాత్రం అటు చూడలేదు. నీటి మీద బుడగలు ఎటు కదిలితే అటు, ఒడ్డు వెంట నడుస్తూనే ఉంది.