ఎండతో పందెం వేసిన గురి

"ఆ బండిలోవి ఒక్కటి కూడా కిందికి దిగడానికి వీల్లేదు."

గేటుకు అడ్డంగా నిలబడ్డ అమ్మాయి అన్న మొదటి మాట అది. గ్రేడీ పికప్ ఆపి, టోపీ తీసి, తన కొట్టులో గిరాకీదారుకు చూపించే నవ్వు చూపించాడు. ఆమె మీద అది పని చెయ్యలేదు.

ఎల్క్ బెండ్‌లో మేకులు, దాణా, గాలాలు అమ్మే కొట్టును మామయ్య దగ్గర్నుంచి తీసుకుని అతనికి ఏడాదైనా కాలేదు. ఊరి షూటింగ్ క్లబ్ వేసవి పిక్నిక్‌కి టార్గెట్లు తెచ్చే పని తానే అడిగి నెత్తికెత్తుకున్నాడు. కొత్త దుకాణదారుకు ఊరి మనసు కావాలి. ఊరి మనసంతా ఏటా ఆ ఒక్కరోజు హార్లన్ టీగ్ పచ్చికలో, తూటాలు ఆపే మట్టిగట్టు ముందు చేరుతుంది. అడ్డు నిలబడింది ఆ హార్లన్ కూతురు లోర్నా. కాల్పుల వరసకు కాపలా ఆమెదే. ఆమె ఎర్రజెండా ఎత్తితే తలపండిన వేటగాడైనా తుపాకీ కింద పెట్టాల్సిందే.

"సీసాలండీ," అన్నాడు గ్రేడీ. "పగిలితే చప్పుడు భలే ఉంటుంది."

"ముక్కలెవరు ఏరతారు? మీ మామయ్యా? పోయినేడు గాజుపెంకు దిగి మా పెయ్య కాలు పోయింది. ఆ ఇనప తలుపేంటి?"

"పాత పొయ్యిది. కొడితే ఖంగుమంటుంది."

"ఆ తూటా తిరిగొచ్చి నీ ముక్కు మీద కూర్చుంటుంది. ఇంక ఆ గ్యాస్ సిలిండర్... వద్దులే, అదెందుకు తెచ్చావో చెప్పకు. నవ్వాలో, నాన్నని పిలవాలో తెలియట్లేదు."

గ్రేడీకి చెవులు వేడెక్కాయి. అయినా సరుకుకు వంక పెట్టేవాడికి కొనే ఉద్దేశం ఉంటుందని అతనికి తెలుసు. అక్కర్లేనివాడు చూడకుండానే పోతాడు.

"సరే. మీకేం కావాలో చెప్పండి."

ఆమె గేటుకు వీపు ఆనించి అతన్ని తేరిపార చూసింది. అలా అడిగినవాడు ఇంతకుముందు లేడేమో. "దూరానికి కనిపించాలి. తగిలితే పిల్లలు కేక పెట్టాలి. మర్నాటికి మాయమవ్వాలి. పిక్నిక్ మర్నాడు పొద్దున్నే నాన్న గోనెసంచి పట్టుకుని గట్టంతా తిరుగుతాడు. ఈసారి సంచిలో ఒక్క చెత్తముక్క పడిందా, ఇక ఈ గేటుకి ఎప్పటికీ తాళమే. ముప్ఫై ఏళ్ల పిక్నిక్ నీ చేతిలో ఆగిపోతుంది."

ఆ వారం కొట్టు మూయగానే గ్రేడీ బండి టీగ్‌ల పొలం దారి పట్టేది. సోమవారం బుడగలు తీసుకెళ్లాడు.

"రబ్బరు ఆవు కడుపులో పడితే పేగుకి చుట్టుకుంటుంది," అంది లోర్నా.

మంగళవారం బంగాళాదుంపలు. చిన్న తూటా ఇటు దూరి అటు పోయింది. దుంప కదల్లేదు.

"చిల్లు పడింది, అయినా చలనం లేదు. అచ్చం మా నాన్నే," అంటూ ఆమె నవ్వింది. తుపాకీ మోత వినపడకుండా చెవులకు పెట్టుకున్న మఫ్స్ తీసి, జుట్టు సర్దుకుంటూ నవ్వింది. నష్టం వచ్చిన రోజున ఇంత లాభం గ్రేడీ ఎన్నడూ చూడలేదు.

బుధవారం, చీల్చిన విల్లో చెట్టు పుల్లల్లో బిస్కెట్లు గుచ్చి తెచ్చాడు. తగలగానే ఒక్కొక్కటీ తెల్లటి పొగలా పేలింది. మిగిలిన పొడి పిచ్చుకలకు.

"ఇవి ఖాయం," అంది లోర్నా. ఆ రోజు ఆమె గేటు వేయడం మర్చిపోయి, అతని బండి పక్కనే రోడ్డు దాకా నడిచింది.

శుక్రవారం ఆమె తండ్రితో పశువుల సంతకు వెళ్లింది. గ్రేడీ కొట్టులో తేదీ దాటిన ఉప్పు బిస్కెట్లు నాలుగు పెట్టెలున్నాయి. పారేసే సరుకు పనికొస్తోందని సంబరపడి, సాయంత్రమే గట్టు పొడవునా రెండొందల పుల్లలు పాతేసి ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాడు.

శనివారం పొద్దున వచ్చేసరికి గట్టు ముందు ముప్ఫై ఆవులు వరసగా నిలబడి మూతులు నాక్కుంటున్నాయి. ఒక్క బిస్కెట్ లేదు.

"ఉప్పువా?" అంది లోర్నా, నమ్మలేనట్టు. "గ్రేడీ, ఉప్పు కోసం ఆవు మైలు దూరం నడుస్తుందని ఇక్కడ పాలుతాగే పిల్లకి కూడా తెలుసు!"

"నాకు తెలీదు. నేను మేకులమ్మేవాణ్ణి."

"పదికి జనం వస్తారు. అరవై మంది!"

వాళ్ల పికప్పుల్లో తప్పకుండా సీసాలుంటాయి. టార్గెట్లు లేవంటే అవే బయటికొస్తాయి. గ్రేడీ కళ్లు మూసుకుని కొట్టంతా, అర తర్వాత అర, మనసులోనే తిరిగాడు. ఫ్రీజర్ దగ్గర ఆగాడు.

"ఐసు దిమ్మలున్నాయి. చేపలు పట్టేవాళ్లు పెట్టెల్లో వేసుకునేవి."

"జులై శనివారం నీకు అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యేది అదేగా?"

"అవును." చేపలవాళ్లు తిట్టుకుంటూ పక్క ఊరి కొట్టుకు పోతారు. కొందరు తిరిగి రారు. గ్రేడీ ఆమె ముఖంలోకి చూశాడు. లెక్క తేలిపోయింది. "మొత్తం తెచ్చేస్తా. కానీ ఐసు దూరానికి కనిపించదే?"

"అమ్మ ఊరేసిన బీట్‌రూట్ రసం ఉంది. నువ్వు బండి తియ్యి!"

పది గంటలకు, పుల్లలన్నీ పీకేసిన గట్టు ముందు మొద్దుల మీద పిడికెడంత ఎర్రటి ఐసుముక్కలు మెరుస్తున్నాయి. అప్పటికే చుక్కలు కారుతున్నాయి. జనం అనుమానంగా చూశారు.

గ్రేడీ పీపా ఎక్కి అరిచాడు. "ఈసారి మీ పోటీ పక్కవాడితో కాదు, ఎండతో! ఎండ కరిగించేలోపు కొట్టినవాడే మొనగాడు!"

కళ్లద్దాలు, మఫ్స్ పెట్టుకుని వరసలో నిలబడ్డారు. లోర్నా జెండా దించింది. మొదటి ముక్క ఎర్రటి తుంపరై ఎగిరింది. పిల్లలు కేక పెట్టారు. ఒక అమ్మమ్మ గురి చూస్తుండగానే ముక్క కరిగి జారిపోతే, "ఎండ దొంగాట ఆడుతోంది!" అని ఆమె రెండో ముక్క కోసం దెబ్బలాడింది. మధ్యాహ్నానికి ఐసంతా అయిపోయింది. బండ్లలోంచి ఒక్క సీసా కూడా దిగలేదు.

ఆదివారం పొద్దున హార్లన్ సంచి భుజాన వేసుకుని గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. వంగాడు. బూటుతో గడ్డి తడిమాడు. గేటు దగ్గర గ్రేడీ ఆ సంచినే చూస్తూ నిలబడ్డాడు. లోర్నా చెయ్యి ఎప్పుడొచ్చి తన చేతిలో చేరిందో అతను చూసుకోలేదు.

"మీ నాన్నకి ఏదైనా దొరికితే?" అన్నాడు గుసగుసగా.

"దొరికితే పిక్నిక్ పోతుంది. నువ్వు మాత్రం పోవు. నేను పోనివ్వను."

"అంటే..."

"అంటే అంతే. ఇంతకంటే విడమర్చి చెప్పాలా, మేకుల వ్యాపారీ?"

"వద్దు. నేను చెప్తా. నువ్వంటే నాకు చాలా ఇష్టం, లోర్నా. మొదటిరోజు నన్ను తిట్టినప్పటి నుంచే."

హార్లన్ తిరిగొచ్చాడు. సంచిని తలకిందులుగా పట్టుకుని దులిపాడు. దుమ్ము తప్ప ఏమీ రాలలేదు. కలిసిన చేతుల వైపు చూసి మీసం సర్దుకున్నాడు.

"ముప్ఫై ఏళ్లలో సంచి ఇంత ఖాళీగా ఎప్పుడూ లేదు," అన్నాడు. "అబ్బాయ్, మధ్యాహ్నం మా ఆవిడ మాంసం వండుతోంది. వస్తావా?"

"వస్తాను సర్," అన్నాడు గ్రేడీ. జీవితంలో బేరమాడకుండా ఒప్పుకున్నది అదొక్కటే.