బాబాయి వంతు

కొండల మీది ఎల్ ఆల్తో నగరంలో మా స్టూడియో అంటే రేకుల కప్పు కింద ఒక గది, గోడలకి గొర్రె ఉన్ని దుప్పట్లు. వడగళ్లు పడితే రికార్డింగు ఆపేయాలి. రాక్ పాటలకి ఆర్కెస్ట్రా ఏమిటని మా బ్యాండు వాళ్లు నన్ను ఆడిపోసుకున్నా, వయొలిన్లు, గిటార్లు, డ్రమ్ములు అన్నీ పూర్తిచేశాను. ఎలోయ్ బాబాయి రాగంతోనే ఆల్బమ్ ముగియాలని నా పట్టు. దానికి నాన్న ఊదే సీకు కావాలి.

సీకు ఒక్కరు ఊదేది కాదు. రాగంలో సగం స్వరాలు ఒకరి వెదురు గొట్టాల్లో, మిగతా సగం జతగాడి గొట్టాల్లో ఉంటాయి. ఒకరు అడిగితే ఇంకొకరు బదులివ్వాలి. ఎప్పుడూ నాన్న అడిగేవాడు, బాబాయి బదులిచ్చేవాడు. బాబాయి మొన్న చలికాలంలో పోయాడు.

ఆ రోజు, చనిపోయినవాళ్లు ఇంటికొచ్చే ఆత్మల పండగ ముగింపు. మధ్యాహ్నం బాబాయి కోసం పెట్టిన రొట్టెలు ఎత్తేసి, ఆయన ఆత్మని ఏడ్చి సాగనంపాం. భోజనాలయ్యాక నాన్న వెంటపడ్డాను.

"నీ వంతు ఊదు నాన్నా. తర్వాత అది వింటూ బాబాయి వంతు కూడా నువ్వే ఊదు. రెండూ కలిపేస్తాను."

"అంతమంది వయొలిన్ల వాళ్లు చాల్లేదా, ఈ ముసలోడి ఊపిరి కూడా కావాలా?" నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగింది. "సాగనంపాక పోయినవాళ్లని పిలవకూడదే యోలా. పిలిస్తే ఈసారి ఒంటరిగా వెళ్లరు."

"మైకు ముందు ఊదితే పిలిచినట్టా?"

నాన్న నా మాట ఎప్పుడూ తీసెయ్యడు. స్టూడియోలో తన వంతు ఊదాడు. ఒక స్వరం, ఖాళీ. ఒక స్వరం, ఖాళీ. గనుల్లో పాడైన ఛాతీ కదా, ప్రతి ఊపిరి చివరా చిన్న ఈల.

రికార్డు చేసింది వినిపించాను.

ఖాళీలు లేవు...

రాగం నిండుగా ఉంది. గదిలో తడిమట్టి వాసన.

"ఆపెయ్," నాన్న గొణిగాడు.

ఆపాను. నాన్న సగం ఆగింది. బాబాయి సగం ఆగలేదు.

స్పీకర్ల వైర్లు పీకేశాను. అయినా... ఒక స్వరం, ఖాళీ. ఒక స్వరం, ఖాళీ. ఆ ఖాళీలు నాన్న కోసమే. ఆయన పెదాలు కదిలాయి. నాకు ఏడుపొచ్చింది. సీకు లాక్కుని, దుప్పట్లో చుట్టి గుండెకి అదుముకున్నాను.

"బదులివ్వకు నాన్నా..."

నాన్న రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. కళ్లు నా మీదే ఉన్నాయి. బయట వడగళ్లు మొదలయ్యాయి. రేకుల మీద ఆ మోతలోనూ స్పష్టంగా... ఒక స్వరం.

ఆ తర్వాత ఖాళీ రాలేదు. నోరు మూసుకున్న నాన్న ఛాతీ కదలడం లేదు, అయినా ఎవరో నాన్న వంతు ఊదారు. ఊపిరి చివర, అదే చిన్న ఈల.