ఫ్యాను కింది కుర్చీ

లైబ్రరీ హాలు వెనక గదిలో అద్దాల పెట్టె ఉంది. తాళం వేసే ఉంది. లోపల పుస్తకం మాత్రం లేదు.

మఖమల్ గుడ్డ మీద పుస్తకం ఉన్నంత మేర రంగు వెలవకుండా మిగిలింది. ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది. చేత్తో రంగులద్దిన పక్షుల బొమ్మల పుస్తకమట. మరో ప్రతి ఎక్కడా లేదట. అమ్మితే లక్షలు పలుకుతుందట.

"చివరిసారి ఎప్పుడు చూశారు?" గట్టిగా అడిగింది.

"ష్ష్!" అన్నాడు లైబ్రేరియన్.

ఇన్‌స్పెక్టర్ బిత్తరపోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో దొంగలు ఆమెను తిట్టారు, కాళ్ళు పట్టుకున్నారు, ఒకడైతే కరిచాడు కూడా. నోరు మూసుకోమన్నవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

లైబ్రేరియన్ ఆమెను హాల్లోకి తెచ్చి గోడకున్న బోర్డు చూపించాడు. నిశ్శబ్దం పాటించండి. సంచులు కౌంటర్లో ఇవ్వండి. పుస్తకాల మీద కూర్చోకండి. నిద్రపోకండి. వస్తువులు పెట్టి కుర్చీలు ఆపుకోకండి. కింద చిన్న అక్షరాల్లో ఇంకా చాలా ఉన్నాయి.

"పోలీసులకీ వర్తిస్తాయా?"

"గోడకి మనిషిని బట్టి మాటలుండవు మేడమ్. పన్నెండింటికి చూశాను. పుస్తకం ఉంది. ఒంటిగంటకి చూస్తే లేదు. వెంటనే గేటు మూయించి మీకు ఫోన్ చేశాను."

"మధ్యలో మీరెక్కడున్నారు?"

"హాల్లోనే, నా బల్ల దగ్గర. అంగుళం కదల్లేదు. ఎవర్నైనా అడగండి."

తాళంచెవి ఉండేది ఆయన సొరుగులో. ఆ సొరుగు తెరిచి చూపించాడు. సగం నిండా కర్చీఫులే. తెల్లవి, గళ్ళవి, పూలవి. ఒక చిన్నపిల్ల రిబ్బను కూడా ఉంది.

"ఇవేంటి?"

"కుర్చీల మీద వేసి టీకి పోతారు మేడమ్, బస్సులో సీటు ఆపుకున్నట్టు. నా కళ్ళబడ్డాక నిమిషం ఉండనివ్వను." కాస్త గర్వంగానే అన్నాడు. "తాళంచెవి ఇక్కడుంటుందని నాకూ అటెండరుకీ తప్ప తెలీదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంతకన్నా నేను చెప్పకూడదు."

చెప్పాల్సిందంతా చెప్పాక చెప్పకూడదనడం ఇన్‌స్పెక్టర్‌కు నచ్చలేదు. అయినా ఆమెకు ఎవరూ ఒక పట్టాన నచ్చరు. అది ఉద్యోగంతో వచ్చిన జబ్బు.

అప్పుడే కానిస్టేబుల్ పరుగున వచ్చాడు. "మేడమ్, తాళంచెవి దొరికింది. అటెండరమ్మ బకెట్లో, తడిగుడ్డ కింద!"

"ష్ష్!" అన్నాడు లైబ్రేరియన్.

అటెండరు నలభై దాటిన మనిషి. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నిలబడింది. వేళ్ళు ఇంకా నీళ్ళలో నాని ముడతలు పడే ఉన్నాయి.

"పన్నెండు దాటాక ఎక్కడున్నావు?"

"మేడ మీద వరండా కడుగుతున్నానమ్మా. సారే కడగమన్నారు."

"ఎవరైనా చూశారా?"

"మేడ మీదకి ఎవరొస్తారమ్మా?"

"బకెట్లోకి తాళంచెవి ఎలా వచ్చింది?"

"దేవుడి తోడు, నాకు తెలీదు. బకెట్ మెట్ల దగ్గర పెట్టి నీళ్ళపైపు కోసం వెళ్ళాను. అంతే." చేతులు జోడించింది. "కేసు మాత్రం రాయకండమ్మా."

దొంగలందరూ అనే మాటే అది. ఇన్‌స్పెక్టర్ పెదవి విరిచింది.

హాల్లో వాచ్‌మన్ గేటు దగ్గర ఆపేసిన పాఠకులు కౌంటర్లోంచి వెనక్కి తీసుకున్న సంచులతో కూర్చున్నారు. ఎక్కువమంది పావు తక్కువ ఒంటిగంట తర్వాత వచ్చినవాళ్ళే. మొదటినుంచీ ఉన్నది ఇద్దరు. పేపర్లు చదివే పెద్దాయన ఒకరు. పోటీ పరీక్షకు చదువుకుంటున్న అమ్మాయి ఒకతె.

"నీ సంచీ చూడొచ్చా?"

అమ్మాయి ఉలిక్కిపడి సంచీ గుండెలకు హత్తుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. సంచీలో ఒకే అన్నండబ్బా, రెండు చెంచాలు.

"రెండో చెంచా ఎవరికి?"

అమ్మాయి తల తిప్పింది. తడి చేతులతో నిలబడ్డ అటెండరు వైపు చూసింది. ఇన్‌స్పెక్టర్ ఒకసారి ఆ ముఖం, ఒకసారి ఈ ముఖం చూసింది. అదే నుదురు, అదే గడ్డం.

"మీ అమ్మా? ముందే ఎందుకు చెప్పలేదు?"

"సిబ్బంది తాలూకు వాళ్ళు హాల్లో కూర్చోకూడదని సారు రూలు మేడమ్. తెలిస్తే పంపించేస్తారు. ఇంట్లో చదువుకోవడానికి చోటు లేదు." అమ్మాయి రెండు చెంచాలూ గుప్పిట్లో పట్టుకుంది. "ఎస్సై మొదటి పరీక్ష పాసయ్యాను. వచ్చే వారం ఫైనల్. అమ్మ మీద కేసుంటే పోలీసు వెరిఫికేషన్లో ఉద్యోగం పోతుంది కదా?"

ఇన్‌స్పెక్టర్ అన్నండబ్బా తిరిగి చేతికిచ్చింది. పోతుంది. ఆమెకు బాగా తెలుసు. తల్లి తీసి కూతురి చేతికిచ్చిందన్న కథ కూడా చక్కగా అతుకుతుంది. మరీ చక్కగా అతికితే ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్ళు మండుతుంది.

"పన్నెండు నుంచి ఒంటిగంట దాకా లైబ్రేరియన్ గారు బల్ల దగ్గరే ఉన్నారా?"

"ఉన్నారు మేడమ్. ఎప్పుడూ ఉంటారుగా."

"చూశావా?"

అమ్మాయి తడబడింది. "ఆయన బల్ల మా వెనకాల. తల తిప్పితే ష్ష్ అంటారు. అందుకని ఎవరం వెనక్కి చూడం."

పెద్దాయన్ని అడిగింది. ఆయనకు అడగడమే ఆలస్యం.

"నేను లేను తల్లీ. పన్నెండు గంటలు కొట్టగానే టీకి వెళ్ళాను. అక్కడ నా పాత దోస్తు కనిపించాడు. వాడు నోరు తెరిస్తే మూయడు. వచ్చేసరికి పావు తక్కువ ఒంటిగంట. ఫ్యాను కింది కుర్చీ పోయుంటుందనుకున్నా. ఇవాళ లేచిన వేళ మంచిది, నా కర్చీఫ్ నాకోసం చక్కగా కాపలా కాస్తోంది!"

"చూసుకొని మాట్లాడండి, ఇది దొంగతనం కేసు," అని కసిరింది ఇన్‌స్పెక్టర్. కర్చీఫుల పురాణం వినే ఓపిక ఆమెకు లేదు.

వెనక గుమ్మం దగ్గర కానిస్టేబుల్ ఒక పెద్ద పుస్తకాల కట్ట మీద కూలబడి నీళ్ళు తాగుతున్నాడు. లైబ్రేరియన్ గబగబా వెళ్ళాడు.

"లేవండి! పుస్తకాల మీద కూర్చోకూడదు. బోర్డు చదవలేదా?"

"చిరిగిన పుస్తకాలే కదండీ. అట్టలూడిపోయి ఉన్నాయి."

"చిరిగినా పుస్తకమే. సాయంత్రం బైండరు వచ్చి తీసుకెళ్తాడు. లేవండి."

కానిస్టేబుల్ గొణుక్కుంటూ లేచాడు. బీరువాలు వెతికారు, అటకలు వెతికారు, నీళ్ళ ట్యాంకు మూత తీసి చూశారు. పుస్తకం జాడ లేదు. లైబ్రరీ ఛైర్మన్ ఫోన్ చేశాడు. తాళంచెవి దొరికాక ఇంకా ఆలోచన దేనికని, సాయంత్రంలోగా ఆ అటెండర్ని అరెస్టు చేయమని అరిచాడు. ఫోన్లోంచే హాలంతా వినబడింది.

"ష్ష్!" అన్నాడు లైబ్రేరియన్ అలవాటుగా. తర్వాత నాలుక కరుచుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఆయన్నే చూస్తూ నిలబడింది. యజమానిని కూడా వదలని మనిషి. పోలీసుని వదలడు, గోడ మీది బల్లిని కూడా వదిలేలా లేడు. మరి...

ఆమెకు సొరుగు గుర్తొచ్చింది. వెంటనే పెద్దాయన మాట గుర్తొచ్చి చెంపలు వేసుకోవాలనిపించింది.

"అందర్నీ హాల్లో కూర్చోబెట్టు," అని కానిస్టేబుల్‌తో అంది. పెద్దాయన్ని వేరే బల్లకు మార్చింది. జేబులోంచి తన కర్చీఫ్ తీసి ఫ్యాను కింది ఖాళీ కుర్చీ మీద పరిచింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అందరూ కూర్చున్నారు. అటెండరు మాత్రం గోడకు ఆనుకుని నిలబడింది. సిబ్బంది పాఠకుల కుర్చీల్లో కూర్చోకూడదట.

"నాకు ముగ్గురి మీద అనుమానం," మొదలుపెట్టింది ఇన్‌స్పెక్టర్. "బకెట్లో తాళంచెవి ఉన్న తల్లి. సంచీ దాచిన కూతురు. టీ పేరుతో గేటు దాటిన పెద్దాయన."

"నేనా?" అని నోరు తెరిచాడు పెద్దాయన.

"మీ జేబులు వాచ్‌మన్ తడిమాడు. పుస్తకం జేబులో పట్టేది కాదు. కూతురు గేటు దాటలేదని వాచ్‌మనే చెప్పాడు. ఇక మిగిలింది తల్లి."

అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టర్ మాట్లాడుతూనే ఉంది. కావాలనే సాగదీసింది. తాళం గురించి చెప్పింది, మేడమెట్ల గురించి చెప్పింది. లైబ్రేరియన్ వింటున్నాడు. కానీ చూపు ఆమె మీద లేదు. ఒకసారి కుర్చీలో కదిలాడు. చేతులు కట్టుకున్నాడు. విప్పాడు.

లేచాడు. నాలుగడుగులు వేసి ఫ్యాను కింది కుర్చీ మీది కర్చీఫ్ తీశాడు. మడతపెట్టి సొరుగు వైపు నడిచాడు.

"అది నాది సార్," అంది ఇన్‌స్పెక్టర్.

ఆయన ఆగిపోయాడు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. ఒక మనిషిని జైలుకి పంపే మాట నడుస్తుంటే కూడా మీరు కర్చీఫ్‌ని భరించలేకపోయారు. ఇవాళ పన్నెండు నుంచి పావు తక్కువ ఒంటిగంట దాకా ఇదే కుర్చీ మీద పెద్దాయన కర్చీఫ్ పడి ఉంది. మీ బల్ల ఎదురుగా. ఎందుకు తీయలేదు?"

లైబ్రేరియన్ చేతిలోని కర్చీఫ్ వైపు చూసుకున్నాడు.

"చూసుకోలేదేమో," అన్నాడు.

"చూసుకునే మనిషి హాల్లో లేడు. పెట్టె తెరవడానికి నిమిషం చాలు. అంతసేపు పట్టే పనేంటి? ఈ భవనంలోంచి తనిఖీ లేకుండా బయటికెళ్ళేది ఒక్కటే ఉంది." ఆమె గుమ్మం వైపు తిరిగింది. "కానిస్టేబుల్, నువ్వు కూర్చున్న కట్ట విప్పు."

తాడు కోశాడు. చిరిగిన పుస్తకాల నడుమ, అట్ట లేని నవల ఒకటి పైనా ఒకటి కిందా కాపలాగా, పక్షుల పుస్తకం ఉంది. కానిస్టేబుల్ గతుక్కుమన్నాడు. తను కూర్చున్నది లక్షల మీద.

లైబ్రేరియన్ తన బల్లకు ఆనుకున్నాడు.

"ముప్ఫయ్యేళ్ళు," అన్నాడు. మొదటిసారి గొంతు పెరిగింది. "ముప్ఫయ్యేళ్ళలో ఒక్కడు ఆ పెట్టె దగ్గరికొచ్చి చూశాడా? నీడకోసం వస్తారు, నిద్రకోసం వస్తారు. దాన్ని కొంటానని అడిగినవాడు ఒకడొచ్చాడు. విలువ తెలిసినవాడు. వచ్చే నెల రిటైర్ చేసి నన్ను ఉత్త చేతులతో ఇంటికి పంపుతారు. తీసుకుంటే తప్పా?"

"తీసుకోవడం తప్పే. బకెట్లో తాళంచెవి వేశారే, దాన్ని తప్పనడానికి నాకు మనసొప్పడం లేదు. దానికి ఇంకా పెద్ద మాట కావాలి," అంది ఇన్‌స్పెక్టర్. "సాక్షి ఎవరూ లేకుండా మేడ మీద ఆవిడ ఒక్కతే ఉండాలని వరండా కడగమన్నారు."

ఆయన అటెండరు వైపు చూడలేకపోయాడు. బోర్డు వైపు చూశాడు. కానిస్టేబుల్ ఆయన చేయి పట్టుకుని తీసుకెళ్ళాడు. వెళ్తున్నంతసేపూ లైబ్రేరియన్ ఏదో గట్టిగా వాదిస్తూనే ఉన్నాడు. ష్ష్ అనడానికి ఎవరూ లేరు.

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "మేడమ్, వెరిఫికేషన్‌కి..."

"మీ అమ్మ పేరు ఎక్కడా ఉండదు. సాక్షిగా తప్ప. ఇంకో మాట. పోలీసు కావాలంటే సంచీ అడిగినప్పుడు అలా ఉలిక్కిపడకూడదు." ఇన్‌స్పెక్టర్ నవ్వు దాచుకుంది.

అటెండరు ఇంకా గోడకు ఆనుకునే ఉంది. కూర్చోవాలని తెలియడం లేదో, కూర్చోవచ్చని తెలియడం లేదో.

పెద్దాయన నెమ్మదిగా లేచాడు. జేబులోంచి గళ్ళ కర్చీఫ్ తీసి ఫ్యాను కింది కుర్చీ మీద పరిచాడు.

"రామ్మా, కూర్చో. నీకోసమే ఆపాను," అన్నాడు.

ఆవిడ ఒకసారి లైబ్రేరియన్ బల్ల వైపు చూసింది. అది ఖాళీగా ఉంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, వచ్చి కూర్చుంది.