దాహం తీరని ఇల్లు

అశోక్‌నగర్‌లో ఆ సందు చివరింటి పేరెత్తితే కుక్కలు కూడా తోక ముడిచేవి. ఆ ఇంటి ముసలావిడ మంచంలో "నీళ్ళు... నీళ్ళు..." అంటూ గొంతెండి ప్రాణం విడిచిందట. అప్పట్నించీ ఇంటికి తాళం. చీకటి పడితే చాలు, లోపల్నించి మూలుగు — చిక్కడపల్లి దాటి నారాయణగూడ దాకా వినిపించేదట!

తొంభైల్లో ఓ వేసవి. బుల్లెమ్మ, మొగుడు శ్రీరామమూర్తి, ఐదేళ్ళ కూతురు తేజస్వి సెలవులకి తణుకు నుంచి వచ్చి, అదే సందులో ఉండే శ్రీరామమూర్తి స్నేహితుడు గోవర్ధన్ గారింట్లో దిగారు. తిరుగు ప్రయాణం నాడు ఎక్కడో గూడ్సు బండి పట్టాలు తప్పి, వీళ్ళ రైలు రద్దయింది.

"ఎలాగూ ఉండిపోయాం, ఊరు చూసేద్దాం పదండి" అన్నాడు శ్రీరామమూర్తి.

బయల్దేరుతుంటే గోవర్ధన్ భార్య అరుంధతి బుల్లెమ్మ చెవిలో ఊదింది. "వదినా, పొద్దుగూకినంక ఆ కొసకున్న ఇంటి దిక్కు పోకుండ్రి. ముసల్ది పిలుస్తది."

చార్మినారు, జూ, గోల్కొండ — ఒక్కరోజులో నిజాము కూడా అంత తిరిగుండడు! నీళ్ళ సీసా కోట మెట్ల మీదే ఖాళీ. తేజస్వి దారంతా "అమ్మా, దాహం" అని ఒకటే గోల.

ఆటోవాడు రోడ్డు మీదే దింపేశాడు. సందులోకి తిరిగారో లేదో... కరెంటు పోయింది. కాటుక చీకటి. కొంగు సవరించుకోడానికి బుల్లెమ్మ పిల్ల చెయ్యి వదిలింది. అంతే — మళ్ళీ చాపిన చేతికి పిల్ల తగల్లేదు.

"తేజూ!"

ఆ చివరింట్లోంచి — ఊ... ఊ... ఊ... ఆ వెనకే, సన్నగా... "నీళ్ళు..."

తేజస్వి గొంతు!

గేటుకి తాళం. బుల్లెమ్మ ఊపింది, గుద్దింది. "ఏమండీ, గోడెక్కండీ!"

శ్రీరామమూర్తి కాళ్ళు కదిలితేగా! ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుతూ స్తంభంలా నిలబడ్డాడు. ఇక బుల్లెమ్మకి ఏ దారీ లేదు. చువ్వలకి మొహం ఆనించి గుసగుసగా ఏడ్చింది.

"బిందెడు నీళ్ళు పోస్తాను... నా పిల్లనిచ్చెయ్ తల్లీ..."

మూలుగు ఆగింది. జలజలమని చప్పుడు. కాసేపటికి అదీ ఆగింది. పగిలిన పక్కగోడ కంతలోంచి ఓ తెల్లటి ఆకారం... ఒక చంకలో నిండు బిందె... ఇంకో చేత్తో తేజస్వి!

"అరవకు వదినా, నేనే!"

అరుంధతి!

"నువ్వా? ఇక్కడా?"

"గల్లీ మొత్తంల ఈ ఒక్క నల్లాకే నీళ్ళొస్తయ్. నీళ్ళొచ్చే ముందు పైపుల గాలి గట్లనే మూలుగుతది. దాహమని నీ బిడ్డ ఆ చప్పుడు పట్టుకొని లోపల్కొచ్చింది. దయ్యం లేదని తెల్సిందనుకో, బిందెలు ట్యాంక్‌బండ్ దాంక లైన్ కడతయ్. ఎవ్వరికన్న చెప్పినవా, నీకు చాయ్ బంద్!"

బుల్లెమ్మ పిల్లని గుండెకి హత్తుకుంది. ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

అప్పుడు — లోపల్నించి — ఊ... ఊ... ఊ...

తేజస్వి తలెత్తింది. "అత్తా, నువ్వు కుళాయి కట్టేశావుగా?"

అరుంధతి అడుగులు వెనక్కి పడ్డాయి.

బుల్లెమ్మ ఆ నిండు బిందె లాక్కుని గేటు ముందు దించింది. "మొక్కుకున్నాను" అంది. పిల్లని ఎత్తుకుని ఇద్దరూ ఒకటే పరుగు. శ్రీరామమూర్తి అప్పటికే ఇంట్లో ఉన్నాడు.

తెల్లారాక అరుంధతి భయంభయంగా వెళ్ళి చూసింది. గేటుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. బిందె కూడా ఉంది. కడిగి, బోర్లించి...

గేటుకి లోపలి వైపు.